హుండీ తాళం పగిలిందా?

ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి ఒక వార్త ప్రపంచమంతటా గుప్పుమంటుంది. బ్యాంకులు, ప్రభుత్వాలు, సైన్యాలు వాడుతున్న రహస్య సంకేతాలను ఎవరో శాస్త్రజ్ఞులు ఛేదించారనీ, ఇక ఏ ఖాతాకూ రక్షణ లేదనీ దాని సారాంశం. 2021 మార్చిలో ఒకసారి, 2022 డిసెంబరులో మరొకసారి, 2023 నవంబరులో ఇంకొకసారి, 2024 అక్టోబరులో మళ్ళీ ఒకసారి ఈ వార్త వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పత్రికల శీర్షికలనుంచి మన చేతిఫోనులకు, అక్కడినుంచి ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఫోనులకు పాకింది. నెల జీతం అందగానే ఎక్స్‌ఛేంజ్ హౌస్ ద్వారానో, ఫోనులోని యాప్ ద్వారానో ఇంటికి డబ్బు పంపే మనవంటి వారికి ఈ వార్త కలిగించే కలవరం చిన్నది కాదు. 2025లో అమరావతిలో క్వాంటం కంప్యూటరును నెలకొల్పుతామన్న ప్రకటన వెలువడిన తర్వాత ఈ ప్రశ్న తెలుగువారికి మరింత దగ్గరయింది.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. తాళం పగలలేదు. అయితే అది ఎన్నటికీ పగలదనడం కూడా సత్యదూరమే. ఈ రెండు మాటల నడుమ ఉన్న వాస్తవాన్ని గ్రహించకపోవడం వల్ల మనం కావలి కాయవలసిన గుమ్మాన్ని వదిలి, మరొక గుమ్మం ముందు కూర్చుంటున్నాం.

అసలు ఈ తాళం ఏమిటి? చిన్నతనంలో మనలో చాలామంది ‘క’ భాష మాట్లాడినవారమే. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి పలికితే, పక్కనున్న పెద్దలకు అర్థం కాదని మన నమ్మకం. ఆ కిటుకు ఎదుటివారికి తెలిసిన మరుక్షణం రహస్యం అంతరిస్తుంది. వేల సంవత్సరాలుగా రాజులు, సేనాపతులు వాడిన గూఢలిపులన్నీ మౌలికంగా ఇటువంటివే. పంపేవారికీ, అందుకునేవారికీ ఒకే తాళంచెవి ఉండాలి. ఆ చెవిని ముందుగా ఎవరి చేతికిచ్చి పంపాలన్నదే చిక్కు.

1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు ఆ చిక్కును విడదీశారు. వారి భావాన్ని మన దేవాలయంలోని హుండీతో పోల్చవచ్చు. హుండీ అందరి ఎదుటా ఉంటుంది. అందులో కానుక వేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ తాళంచెవీ అక్కరలేదు. వేసినవాడు సైతం దానిని తిరిగి తీయలేడు. తీయగలిగేది తాళంచెవి ఉన్నవారు మాత్రమే. మన బ్యాంకు ప్రపంచం ముందు పెట్టే పబ్లిక్ కీ అటువంటి హుండీ. మన ఫోను అందులో రహస్యాన్ని పడవేస్తుంది. తెరిచే చెవి బ్యాంకు వద్దనే ఉంటుంది.

మరుసటి సంవత్సరం, అనగా 1977లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు ఈ భావానికి గణితరూపం కల్పించారు. వారి పేర్లలోని తొలి అక్షరాలతో దానికి ఆర్.ఎస్.ఏ. అన్న పేరు స్థిరపడింది. దాని ఆధారం పాఠశాల గణితమే. 61ని 53తో హెచ్చవేయమంటే ఎవరైనా కాగితం మీద చేసి 3233 అంటారు. కానీ 3233 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే కాసేపు తడుముకోవలసి వస్తుంది. ఆ రెండు సంఖ్యలు ఒక్కొక్కటి మూడు వందల అంకెలకు పైబడినవైతే, హెచ్చవేయడం కంప్యూటరుకు కనురెప్పపాటు. లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం మాత్రం నేటి యంత్రాలన్నీ కలిసినా అయ్యే పని కాదు. హుండీ అంటే ఆ లబ్ధం, తాళంచెవి అంటే ఆ రెండు కారణాంకాలు. (నిజానికి బ్రిటిష్ ప్రభుత్వ గూఢలిపి విభాగంలో పనిచేసిన క్లిఫర్డ్ కాక్స్ ఇదే పద్ధతిని 1973లోనే కనుగొన్నాడు. ఆ సంగతిని వారు 1997 దాకా లోకానికి చెప్పలేదు. రహస్యాలను కాపాడే విద్యను కనిపెట్టి, ఆ విద్యనే రహస్యంగా దాచుకున్నారన్నమాట.)

ఇక పగలగొట్టే కథ. 1977లోనే ఈ ముగ్గురూ 129 అంకెల సంఖ్య ఒకటి ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ శీర్షిక ద్వారా ప్రకటించి, దానితో దాచిన సందేశాన్ని చదివినవారికి 100 డాలర్ల బహుమతి ఇస్తామన్నారు. అందుకు 40 వేల లక్షల కోట్ల సంవత్సరాలు పట్టవచ్చునని ఆ వ్యాసంలో అంచనా వేశారు. పట్టింది 17 సంవత్సరాలు. 1994 ఏప్రిల్‌లో సుమారు 600 మంది స్వచ్ఛంద కార్యకర్తలు తమ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా కలిపి, ఎనిమిది నెలలు లెక్కకట్టి ఆ సంఖ్యను విడగొట్టారు. ‘ఎన్నటికీ పగలదు’ అనే ధీమాకు ఇంతకంటే గట్టి చెంపపెట్టు అక్కరలేదు. 1999లో 155 అంకెల సంఖ్య, 2009లో 232 అంకెల సంఖ్య, 2020లో 250 అంకెల సంఖ్య అదే దారి పట్టాయి. ఈ చివరిది ఒకే ఒక ప్రాసెసర్ కోర్ మీద చేయవలసివస్తే సుమారు 2700 సంవత్సరాలు పట్టే పని.

ఈ సంఖ్యలను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పురోగతి ఉన్నది, కానీ అది మెట్టు మెట్టుగా, అందరి కళ్ళముందు జరుగుతున్నది. నేడు సాధారణంగా వాడుకలో ఉన్న ఆర్.ఎస్.ఏ. సంఖ్య 617 అంకెలది. అంకెలు పెరిగే కొద్దీ శ్రమ కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. 250నుంచి 617కు గల దూరం దోహానుంచి అల్ ఖోర్‌కు గల దూరం వంటిది కాదు, దోహానుంచి చంద్రమండలానికి గల దూరం వంటిది.

అయినా వదంతి వచ్చినప్పుడు దానిని సామాన్యుడు ఎలా పరీక్షించాలి? ఇందులో గొప్ప సౌలభ్యం ఒకటుంది. వైద్యంలోనో, ఆర్థికశాస్త్రంలోనో ఎవరైనా గొప్ప ఆవిష్కరణ చేశామంటే తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. ఇక్కడ ఒక్క నిమిషం చాలు. 617 అంకెల పరీక్షా సంఖ్య దశాబ్దాలుగా బహిరంగంగా ఉన్నది. దానిని విడగొట్టినవారికి ఒకప్పుడు రెండు లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు; ఆ బహుమతుల పోటీని 2007లో ముగించారు గాని సంఖ్య అక్కడే ఉన్నది. తాళం పగలగొట్టానన్నవాడు వ్యాసాలు రాయనక్కరలేదు, విలేఖరుల సమావేశం పెట్టనక్కరలేదు. రెండు సంఖ్యలు రాసి చూపితే చాలు. వాటిని హెచ్చవేసి ఏ పాఠశాల కంప్యూటరైనా తీర్పు చెబుతుంది. ఇంతవరకు ఆ రెండు సంఖ్యలను ఎవరూ చూపలేదు.

ఈ గీటురాయి మీద ఆ నాలుగు వార్తలనూ గీసి చూద్దాం. 2021లో ప్రసిద్ధ జర్మన్ గణితవేత్త క్లౌస్ ష్నోర్ తన కొత్త పద్ధతి ఆర్.ఎస్.ఏ.ను నాశనం చేస్తుందని రాశారు. ఇతర పరిశోధకులు ఆ పద్ధతిని కంప్యూటరుకెక్కించి చూడగా అది చెప్పినంత పని చేయలేదు. 2022లో కొందరు చైనా పరిశోధకులు అదే పద్ధతికి క్వాంటం యంత్రాన్ని జోడించి 372 క్యూబిట్లు చాలునన్నారు. వారు వాస్తవంగా విడగొట్టి చూపినది 15 అంకెల సంఖ్య. 2023లో ఒక పరిశోధకుడు సాధారణ చేతిఫోనుతోనే పని ముగించానన్నాడు. రుజువు మాత్రం చూపలేదు. 2024లో షాంఘై విశ్వవిద్యాలయ ప్రయోగాన్ని కొన్ని పత్రికలు ‘సైనిక స్థాయి గూఢలిపికి ముప్పు’ అని వర్ణించాయి. ఆ ప్రయోగంలో విడగొట్టిన సంఖ్య 22 బిట్లది. అనగా ఏడు అంకెలకు మించనిది. తొమ్మిదో తరగతి విద్యార్థికి ఒక చేతి కాలిక్యులేటరూ, ఒక సెలవు మధ్యాహ్నమూ ఇస్తే అంతటి సంఖ్యను తానే విడగొట్టగలడు. పరిశోధకుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. చిన్న సంఖ్యల మీద ప్రయోగం చేయడం శాస్త్రంలో సహజమే. వార్తలో ఆ సంఖ్య ఎంత చిన్నదో చెప్పకపోవడమే నేరం.

మన దేశానికి సంబంధించిన ఒక అపార్థాన్ని కూడా ఇక్కడ తొలగించాలి. 2002 ఆగస్టులో కాన్పూర్ ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది వేగంగా, నిస్సందేహంగా తేల్చే పద్ధతిని కనుగొన్నారు. భారతీయులందరూ గర్వించదగిన ఘనత అది. కానీ దానివల్ల తాళం పగలదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని తెలుసుకోవడం వేరు, దాని కారణాంకాలు ఏవో తెలుసుకోవడం వేరు. పెట్టెలో ఏదో ఉన్నదని బరువును బట్టి చెప్పవచ్చు. ఏమున్నదో చెప్పాలంటే తెరవాలి.

ఇక అసలైన ప్రమాదం. 1994లో, ఆ 129 అంకెల సంఖ్య విడిపోయిన సంవత్సరంలోనే, బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న పీటర్ షోర్ ఒక సిద్ధాంతం ప్రకటించాడు. క్వాంటం భౌతికశాస్త్ర నియమాల ప్రకారం పనిచేసే కంప్యూటరు తగినంత పెద్దది నిర్మించగలిగితే, ఎంత పెద్ద సంఖ్యనైనా త్వరితంగా విడగొట్టవచ్చునన్నది దాని సారం. ఇది వదంతి కాదు. గణితపరంగా తిరుగులేని ఫలితం. ‘తగినంత పెద్దది’ అన్న మాటలోనే ఉంది చిక్కంతా. 2001లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞులు ఏడు క్యూబిట్లతో 15ను మూడూ అయిదులుగా విడగొట్టారు. ఆ తర్వాతి ప్రగతి, కారణాంకాల విషయంలో మాత్రం, నత్తనడకగానే సాగింది.

ఎందుకు? అష్టావధానం చూసినవారికి సులభంగా బోధపడుతుంది. అవధాని ఎనిమిది పనులను ఏకకాలంలో మనసులో నిలుపుకొంటాడు. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య ఆయన ఏకాగ్రతను భంగపరచాలని చూస్తాడు. క్వాంటం యంత్రం కూడా అనేక అవకాశాలను ఒకేసారి నిలుపుకోవలసినదే. అయితే దాని చుట్టూ ఒక అప్రస్తుత ప్రసంగి కాదు, లక్షలమంది ఉన్నారు. ఏ కొద్ది వేడి, ఏ కొద్ది ప్రకంపన, ఏ దారితప్పిన తరంగం తగిలినా ధారణ చెదిరిపోతుంది. అందుకే ఒక్క నమ్మదగిన క్యూబిట్టును నిలబెట్టడానికి వందలాది సాధారణ క్యూబిట్లను కాపలా పెట్టవలసివస్తున్నది.

2019లో గిడ్నీ, ఎకెరో అనే ఇద్దరు పరిశోధకులు, 617 అంకెల సంఖ్యను విడగొట్టడానికి రెండు కోట్ల క్యూబిట్లు గల యంత్రానికి ఎనిమిది గంటలు పడుతుందని లెక్కకట్టారు. 2025 మేలో అదే గిడ్నీ ఆ లెక్కను సవరించి, పది లక్షలలోపు క్యూబిట్లతో వారం రోజుల్లోపు సాధ్యమన్నాడు. అదే నెలలో అమరావతి క్వాంటం వ్యాలీకి ఐ.బి.ఎం., టి.సి.ఎస్. సంస్థలు ప్రకటించిన యంత్రంలో ఉండేది 156 క్యూబిట్లు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే అమరావతి యంత్రం మన బ్యాంకు తాళాలను తెరుస్తుందేమోనన్న భయానికి ఆస్కారం లేదని తెలుస్తుంది. ఆ యంత్రం వచ్చేది మన పిల్లలు ఆ విద్య నేర్చుకోవడానికీ, పరిశోధకులు రసాయన, పదార్థ శాస్త్రాల్లో ప్రయోగాలు చేయడానికీ. దానిని చూసి భయపడేవారూ, అది రాగానే ఉద్యోగాల వాన కురుస్తుందని మురిసేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా భావన.

కానీ మరొక మాట. ఆ ఆరు సంవత్సరాల్లో ఏ యంత్రమూ తాళం జోలికి పోలేదు. కాగితం మీది లెక్క మాత్రం ఇరవై రెట్లు తగ్గింది. నా దృష్టిలో అసలు వార్త ఇది. ఏడు అంకెల సంఖ్యకు దక్కిన శీర్షికలతో పోలిస్తే దీనికి దక్కినవి స్వల్పం. ‘నాన్నా పులి’ కథలోని ప్రమాదం అబద్ధపు కేకలతో ఆగదు. నిజమైన కేక వినపడని స్థితి వస్తుంది.

నిజంగా తాళం పగిలినప్పుడు లోకం ఎలా ఉంటుందో కూడా మనకు తెలుసు. క్వాంటం యుగానికని సిద్ధం చేసిన కొత్త తాళాలలో ‘సైక్’ అన్నది ఒకటి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నిర్వహించిన ఎంపికలో చాలా దూరం వచ్చింది. 2022 జూలైలో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాస్ట్రిక్, డెక్రూ దానిని మామూలు కంప్యూటరుతో, దాదాపు ఒక గంటలో పగలగొట్టారు. క్వాంటం యంత్రం ఊసే లేదు. వారు తమ పద్ధతిని అందరి ముందూ పెట్టారు, ఇతరులు నడిపించి చూశారు, తాళం రూపొందించినవారే ఓటమిని అంగీకరించారు. వాదోపవాదాలకు తావే లేకపోయింది.

2017లో ఎస్టోనియాకు మరొక రకం ఆపద వచ్చింది. ఆ దేశ పౌరులు మన ఖతార్ ఐడీ వలె చిప్ ఉన్న గుర్తింపు కార్డులను వాడతారు. ఆ చిప్ ప్రధాన సంఖ్యలను ఎంచుకునే తీరులో ఒక లోపమున్నట్లు పరిశోధకులు కనుగొన్నారు. సుమారు ఏడున్నర లక్షల కార్డుల ధ్రువీకరణలను ప్రభుత్వం నిలిపివేయవలసి వచ్చింది. గణితం చెక్కుచెదరలేదు, తాళం తయారుచేసిన కమ్మరి పనితనమే తప్పింది.

మనముంటున్న దోహా నగరమే ఇందుకు ఇంకా గట్టి సాక్ష్యం చెబుతుంది. 2017 మేలో ఖతార్ వార్తా సంస్థ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, అమీరు పేరిట ఆయన అనని మాటలను ప్రచురించారు. జూన్ 5న నాలుగు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఆ వారం కిరాణా దుకాణాల్లో పాలకోసం తిరిగినవారు మనలో చాలామంది ఉన్నారు. మూడున్నర సంవత్సరాలు సాగిన ఆ సంక్షోభానికి ముందు జరిగిన ఆ చొరబాటుకు ప్రధాన సంఖ్యల గణితంతో ప్రమేయం లేదు. 2020 డిసెంబరులో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్, అల్ జజీరా పాత్రికేయులు, కార్యనిర్వాహకులకు చెందిన 36 ఫోనుల్లో పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేరు దూరిందని వెల్లడించింది. వారు ఏ లంకెనూ నొక్కలేదు, ఏ తెలియని ఫోనునూ ఎత్తలేదు. సందేశాలు అందుకునే యాప్‌లోని లోపమే వాకిలి అయింది. వారి సందేశాలు దారిలో పటిష్ఠమైన తాళంతోనే ప్రయాణించాయి. ఫోనులోకి చేరి, చదవడానికి వీలుగా విప్పుకున్న తర్వాత, ఆ పక్కనే దొంగ కూర్చుని చదివాడు. హుండీని ఎవరూ ముట్టుకోలేదు. లెక్కింపు గదిలోకి దూరారు.

అంతటి ఖరీదైన ఆయుధాలను మనవంటివారిపై ఎవరూ వృథా చేయరు. మనకు ఒక ఫోను పిలుపు చాలు. ‘మీ ఐడీ నిలిచిపోతుంది, ఇప్పుడే వచ్చిన ఓటీపీ చెప్పండి’ అని ఇక్కడా, ‘మీ పేరిట మత్తుపదార్థాల పార్సెలు పట్టుబడింది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు’ అని అక్కడ మన తల్లిదండ్రులకూ వచ్చే పిలుపుల్లో ఏ గణితమూ లేదు. భయమూ, తొందరా ఉన్నాయి. తాళంచెవిని మనచేతనే ఇప్పించుకుంటున్నారు. ఇక్కడే వదంతి చేసే అసలు కీడు బయటపడుతుంది. ‘ఎలాగూ అన్నీ పగలగొట్టేశారట కదా’ అని నమ్మినవాడు ఓటీపీ దాచుకోవడంలో అర్థమేముందనుకుంటాడు. లేదా ‘క్వాంటం రక్షణ’ పేరుతో ఏదో ఒకటి అమ్మవచ్చినవాడికి వంద రియాళ్ళు సమర్పించుకుంటాడు. మన సంఘాలు ఏటా నిర్వహించే ఆరోగ్య శిబిరాల సరసన, పారిశ్రామిక ప్రాంతంలో పనిచేసే సోదరులకోసం తెలుగులో ఈ విషయమై ఒక శుక్రవారం కేటాయిస్తే ఎంతో మేలని నా మనవి.

అయితే పెద్ద సంస్థలు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోరాదు. నేడు దారిలో దొంగిలించి దాచిన రహస్యాన్ని, పదిహేనేళ్ళ తర్వాత పెద్ద క్వాంటం యంత్రం వచ్చినప్పుడు తెరిచి చదవవచ్చు. ఓటీపీకి ఆయుష్షు నిమిషాల్లో ఉంటుంది కనుక దానికి ఈ భయం లేదు. వైద్య నివేదికలు, ఆస్తి వివరాలు, దేశ రక్షణ పత్రాలు అలాంటివి కావు. అందుకే నిస్ట్ 2016లో కొత్త తాళాల ఎంపికను ప్రారంభించి, 2024 ఆగస్టు 13న మూడు ప్రమాణాలను ప్రకటించింది. వాటికి ఆధారం సంఖ్యలను విడగొట్టడం కాదు. క్వాంటం యంత్రానికీ కొరుకుడుపడవని నేటివరకు భావిస్తున్న ఇతర గణిత సమస్యలు. సిగ్నల్ యాప్ 2023 సెప్టెంబరులోనే, ఆపిల్ సంస్థ తన సందేశాల యాప్‌లో 2024లోనే ఇటువంటి తాళాలను అమర్చాయి. వాడేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

సందేశాల యాప్‌ను మార్చడం తేలిక. మన జీవితాలను అల్లుకున్న పత్రాలను మార్చడం అంత తేలిక కాదు. ఆధార్ పత్రం మీది క్యూఆర్ గుర్తును తీసుకుంటే, అది అసలైనదేనని చాటే సంతకం ఇదే 617 అంకెల ఆర్.ఎస్.ఏ. పద్ధతిది. దానిని మార్చాలంటే కోట్ల పత్రాలే కాదు, వాటిని చదివే ప్రతి బ్యాంకు, ప్రతి కార్యాలయం, ప్రతి యంత్రం మారాలి. ఆర్.ఎస్.ఏ. వాడకాన్ని 2030 తర్వాత తగ్గించి 2035 తర్వాత పూర్తిగా మానాలని నిస్ట్ 2024 నవంబరులో ముసాయిదా ప్రతిపాదించింది. అమెరికాకు సంబంధించిన గడువే అయినా, అక్కడి యంత్రాలనూ సాఫ్ట్‌వేరునూ వాడే దేశాలన్నిటి మీదా దాని ప్రభావం పడుతుంది. మన ఎన్.ఆర్.ఐ. ఖాతా ఉన్న బ్యాంకును ఈ విషయంలో ఏమి చేస్తున్నారని అడగడానికి ఇది సరైన సమయం. పది మంది ఖాతాదారులు అడిగితే ఆ ప్రశ్న పై అధికారి బల్ల మీదికి చేరుతుంది.

2035 నాటికి ఈ సంచిక బాలల పుటల్లో బొమ్మలు గీసిన పిల్లలు డిగ్రీ పట్టాలు పుచ్చుకునే వయసుకు వస్తారు. తాళాలు మార్చే ఆ పనిలో కొంత వారి చేతికే రావచ్చు.